పానా పట్టేముందు: ట్రాక్టర్ ఇంజను అదురుకీ చప్పుడుకీ మూలం పట్టుకోవడం

ఇంజను కొత్తగా అదురుతోందనో, లోపల ఏదో కొడుతోందనో బండి షెడ్డుకు వస్తే చాలాచోట్ల మొదట జరిగేది హెడ్డు దించడం. సగం సార్లు ఆ పని అక్కర్లేదు. పైగా హెడ్డు దించాక బండి స్టార్ట్ చేయలేం కనుక, చప్పుడు ఎక్కడిదో తేల్చుకునే దారి కూడా అక్కడితో మూసుకుపోతుంది. విప్పి చూస్తే అరిగిన ముక్కలు ఎన్నో కనిపిస్తాయి. అరిగినదల్లా చప్పుడు చేయదు. లైనర్లు, పిస్టన్లు, రింగుల కిట్టు మొత్తం మార్చి బిగించాక అదే అదురు మళ్లీ వచ్చిందంటే కారణం ఇదే.

ఇక్కడ రాసేది ముఖ్యంగా మన పొలాల్లో ఎక్కువగా తిరిగే 35 నుంచి 50 హెచ్‌పీ మూడు సిలిండర్ల ట్రాక్టర్ ఇంజను గురించి. డీజిలు పంపు ఇన్‌లైనైనా, రోటరీ అయినా పద్ధతి ఒకటే. జనరేటర్లకూ, కంప్యూటరు అదుపులో డీజిలు కొట్టే కామన్ రైల్ బళ్లకూ తేడా వచ్చేచోట విడిగా చెబుతాను.

అదురుకు లెక్క ఉంది

నాలుగు స్ట్రోకుల ఇంజన్లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండరు ఒక్కసారి మండుతుంది. ఐడ్లింగు 750 ఆర్పీఎం అనుకుందాం. క్రాంకు సెకనుకు 12.5 చుట్లు తిరుగుతుంది. ఒక్కో సిలిండరు సెకనుకు 6.25 సార్లు మండుతుంది, మూడూ కలిపి 18.75 సార్లు. ఈ మూడు అంకెలు చేతిలో ఉంటే సగం పని అయినట్టే.

18.75 దగ్గర వచ్చే అదురు బాగున్న ఇంజన్లో కూడా ఉంటుంది, దాని జోలికి పోనక్కర్లేదు. 6.25 దగ్గర పెరిగిందంటే మూడింట్లో ఒక సిలిండరు మిగతా రెండిటితో సమానంగా పనిచేయడం లేదు. అప్పుడు సీటు, స్టీరింగు, బానెట్టు నిదానంగా, పెద్దగా ఊగుతాయి. 12.5 దగ్గర పెరిగితే చుట్టుకొకసారి వచ్చే దోషం: ఫ్లైవీలు, క్లచ్ ప్రెజర్ ప్లేటు, క్రాంకు పుల్లీ. అయితే మూడు సిలిండర్ల క్రాంకుకు ముందూ వెనకా పిస్టన్ల లాగుడు వల్ల తూగుయ్యాలలాంటి ఊపు పుట్టుకతోనే కొంత ఉంటుంది. అందుకని 12.5 దగ్గర కొంచెం కనిపించగానే ఫ్లైవీలు దించకండి. అదే మోడల్ మంచి బండి పక్కన పెట్టి పోల్చుకోండి.

ఈ లెక్కను ఫోన్లో కంటితో చూడొచ్చు. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీలో తయారైన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ అని ఒకటి ఉంటుంది, ఏ అదురు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో అది గీతలుగా చూపిస్తుంది. క్లచ్ హౌసింగ్ మీద చదునుగా, వేడి లేని చోట రెండువైపులా అంటుకునే టేపుతో ఫోను గట్టిగా అంటించి, ఇంజను బాగా వేడెక్కాక ఐడ్లింగులో అర నిమిషం రికార్డు చేస్తే చాలు. సెన్సారు సెకనుకు 100 సార్లు కొలిచేదైతే 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు) దాకా నమ్మొచ్చు, మనకు కావలసిన మూడు గీతలూ దానికి లోపే. ట్రాక్టరు మీటరు చూపే ఆర్పీఎం తప్పైనా ఫర్వాలేదు. ఆ మూడు గీతల అంకెలూ ఎప్పుడూ ఒకటి, రెండు, మూడు నిష్పత్తిలోనే ఉంటాయి. ఎక్కువసేపు మాత్రం అంటించి ఉంచొద్దు, అదురుకి ఫోను కెమెరా దెబ్బతినే ప్రమాదం ఉంది.

చప్పుడుకీ ఇదే లెక్క. ఐడ్లింగులో ఒక్క టాపెట్ (వాల్వును తెరిపించే భాగం) కొడితే సెకనుకు ఆరు దెబ్బలు, చెవికి విడివిడిగా అందుతాయి. చుట్టుకొకసారి వచ్చే చప్పుడు పన్నెండు దెబ్బలు, అవి కలిసిపోయి కరకరలా వినిపిస్తాయి. నిదానంగా టిక్ టిక్ అంటే కామ్ షాఫ్టు వైపు, వాల్వుల వైపు, లేదా ఒక సిలిండరు మంట వైపు వెతకాలి. బెల్టు మీద తిరిగేవి ఈ లెక్కలో ఇమడవు. ఫ్యాను, వాటర్ పంపు, డైనమో పుల్లీ సైజును బట్టి వేరే వేగంలో తిరుగుతాయి.

ముందు బయటివి కొట్టేయండి

ఫ్యాను బెల్టు తీసి ఒక్క నిమిషం నడపండి. చప్పుడు పోతే వాటర్ పంపు బేరింగో, డైనమో బేరింగో, రెక్క విరిగిన ఫ్యానో. రెక్క ఒకటి విరిగితే తూకం కోసం ఎదుటి రెక్క కోసేసే అలవాటు కొందరికి ఉంది. ఇంజను వేడెక్కడానికి అదొక కొత్త దారి, ఫ్యాను మార్చండి. బెల్టు మళ్లీ వేసేటప్పుడు రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే 10 నుంచి 13 మి.మీ. దిగాలి. మరీ బిగిస్తే కొత్త బేరింగు కూడా త్వరలోనే అరుస్తుంది.

తర్వాత క్లచ్ తొక్కండి. తొక్కితే చప్పుడు పోయిందంటే గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు లేదా క్లచ్ ప్లేటు స్ప్రింగులు. తొక్కితే మొదలైందంటే రిలీజ్ బేరింగు. తొక్కినప్పుడల్లా లోపల ఒకటి రెండు బరువైన దెబ్బలు పడి, క్రాంకు పుల్లీ ముందుకి జరిగినట్టు కనిపిస్తే క్రాంకు ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్టు వాషర్లు అరిగిపోయాయి. క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి దున్నే అలవాటు ఉన్న బళ్లలో ఇది మామూలే. పుల్లీ ముఖం మీద డయల్ గేజీ ఆనించి, కడ్డీతో క్రాంకును వెనక్కీ ముందుకీ నెట్టండి. చాలా ఇంజన్లకు 0.10 నుంచి 0.35 మి.మీ. లోపు ఉండాలి. అర మి.మీ. చేరిందంటే ఆలస్యం చేయకూడదు. వాషర్లు ఊడి పడ్డాయంటే క్రాంకు, బ్లాకు ఒకదాన్నొకటి తినేస్తాయి.

కారుకి, జనరేటరుకి ఇంజను కింద ఫౌండేషన్ రబ్బర్లుంటాయి. చాలా ట్రాక్టర్లకు ఉండవు. ఇంజనే ఛాసిస్‌లో భాగం, ముందు యాక్సిల్ బ్రాకెట్టూ వెనక క్లచ్ హౌసింగూ దానికే బోల్టులతో బిగిసి ఉంటాయి. కాబట్టి ట్రాక్టరు అదురుతుంటే ఆ బోల్టులన్నీ టార్క్ రెంచితో ఒకసారి చూడాలి. పడ్లింగు (దమ్ము) చేసిన సీజను తర్వాత ఇవి వదులవడం మామూలే. వదులైన చోట కీలు దగ్గర తుప్పురంగు పొడి, సన్నటి నూనె చెమ్మ కనిపిస్తాయి.

ఒక ప్రత్యేకమైన ఆర్పీఎంలోనే అదిరి, పైన గానీ కింద గానీ అదరకపోతే ఇంజను లోపల వెతక్కండి. సైలెన్సరు బ్రాకెట్టు, బానెట్టు లాకు, రేడియేటరు రబ్బరు, ఏదో ఒకటి ఆ వేగంతో జత కలిసి మోగుతోంది. నడుస్తుండగా ఒక్కోదాన్ని గ్లవ్స్ వేసిన చేత్తోనో, చెక్కముక్కతోనో అదిమితే దొరికిపోతుంది.

ఒక్కో సిలిండరు కోసి చూడటం

ఒక్కో సిలిండరుకు డీజిలు ఆపి చూసే ఈ పరీక్ష అన్నిటికన్నా విలువైనది. పాత పంపు ఇంజన్లకు మాత్రమే. కామన్ రైల్ ఇంజన్లో నడుస్తుండగా హైప్రెజర్ పైపు నట్టు ఎన్నడూ వదులు చేయకూడదు. ఆ పైపులో 1600 బార్, అంతకు మించి ఒత్తిడి ఉండగలదు. అంత ధాటికి డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. సూది గుచ్చినంత గాటే కనిపించినా అది ఆపరేషను అవసరమయ్యే గాయం, గంటల్లో ఆసుపత్రికి చేరాలి.

పాత పంపు ఇంజనుకైనా కళ్లద్దాలు పెట్టుకోండి, పైపు మీద గుడ్డ చుట్టండి. ఇంజను వేడెక్కాక ఐడ్లింగు 800 దగ్గర నిలపండి. 17 లేదా 19 పానాతో ఒకటో నాజిల్ దగ్గర పైపు నట్టు అర చుట్టు వదలండి. ఆ సిలిండరు మంట ఆగుతుంది. ఆర్పీఎం ఎంత పడిందో, చప్పుడు ఎలా మారిందో ఐదారు సెకన్లు గమనించి బిగించండి. రెండు, మూడు కూడా అలాగే చేయండి.

వదిలినా ఆర్పీఎం పడని సిలిండరే పనిచేయనిది. ఒకదానికి తక్కువగా పడితే అది నీరసంగా మండుతోంది. వదలగానే కొట్టే చప్పుడు మాయమైతే ఆ చప్పుడు ఆ సిలిండరు మంటదో, ఆ మంట మోస్తున్న బేరింగుదో. రెండు పక్కపక్క సిలిండర్లలో ఏది కోసినా చప్పుడు కొంచెం తగ్గితే వాటి మధ్యనున్న మెయిన్ బేరింగును అనుమానించండి. ఏది కోసినా చప్పుడులో మార్పు లేదంటే మంటతో సంబంధం లేని చోట వెతకాలి: టాపెట్లు, టైమింగ్ గేర్లు, పంపు డ్రైవు.

నీరసమైన సిలిండరు దొరికిందా, వెంటనే పంపు దించి క్యాలిబ్రేషనుకు పంపేయకండి. ముందు ఆ నాజిల్‌ను పక్క సిలిండరు నాజిల్‌తో మార్చి వేయండి. దోషం నాజిల్‌తోపాటు పక్క సిలిండరుకు పోతే నాజిల్‌దే తప్పు. అక్కడే ఉంటే వాల్వులు, కంప్రెషను, లేదా పంపులో ఆ సిలిండరుకు డీజిలు కొట్టే ఎలిమెంటు.

నాజిల్ మార్చేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి పదేపదే కనిపిస్తుంది. పాత రాగి వాషరు సీటులోనే అతుక్కుపోయి ఉంటుంది, దాని మీద కొత్తది వేస్తారు. రెండు వాషర్ల మందంతో నాజిల్ కొన పైకి జరుగుతుంది. పిచికారీ పిస్టన్ గిన్నెలో పడాల్సిన చోట పడదు. నాజిల్ కొత్తది, ప్రెజరు సరైనది, అయినా నల్లపొగ, ముతక మోత. సీటులోకి టార్చి వేసి పాత వాషరు బయటికి వచ్చిందని చూశాకే కొత్తది వేయండి. పాతది మళ్లీ వాడక తప్పకపోతే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మెత్తబరచాలి. దాని ధర చూస్తే ఆ శ్రమ దండగ.

నాజిల్ టెస్టరు మీద నాలుగు సంగతులు చూడాలి. తెరుచుకునే ఒత్తిడి: పాత డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో ఎక్కువ వాటికి 200, 250 బార్ల మధ్య ఉంటుంది, మీ ఇంజను మాన్యువల్ అంకే ప్రమాణం. మూడింటి మధ్య తేడా 5 బార్ మించకూడదు. స్ప్రింగు కింద 0.05 మి.మీ. షిమ్ (పలుచటి రేకు) వేస్తే సుమారు 5 బార్ పెరుగుతుంది. రెండోది, చేతిపిడి నిదానంగా నొక్కితే నాజిల్ కర్‌ర్‌ర్ అని పాడాలి. మూడోది, ఎన్ని రంధ్రాలుంటే అన్ని పొగమంచులూ ఒకే పొడవులో రావాలి. నాలుగోది, తెరుచుకునే ఒత్తిడికి 20 బార్ తక్కువలో పది సెకన్లు నిలిపితే కొన మీద బొట్టు కట్టకూడదు. బొట్టు కారే నాజిలే ఎక్కువ మోతకు మూలం. ఆ బొట్టు వేళకాని వేళ మండుతుంది, పిస్టన్ తలను కూడా కాలుస్తుంది.

ఒక పైపు పగిలిందని బజారులో దొరికిన వేరే పొడవు పైపు వంచి బిగించడం కూడా ఇలాంటిదే. మూడు పైపులూ ఒకే పొడవుండేలా కంపెనీ మెలికలు తిప్పేది అందం కోసం కాదు. డీజిల్లో ఒత్తిడి అల సెకనుకు సుమారు 1400 మీటర్లు పోతుంది. పైపు 30 సెం.మీ. పొడవెక్కితే ఇంజెక్షను 0.2 మిల్లీసెకను ఆలస్యం. 2000 ఆర్పీఎంలో క్రాంకు మిల్లీసెకనుకు 12 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఆ ఒక్క సిలిండరు టైమింగు రెండున్నర డిగ్రీలు వెనకబడుతుంది. అదురు పుట్టడానికి అది చాలు.

మోత అన్ని సిలిండర్లలో ఒకేలా ఉంటే

అప్పుడు దోషం మూడింటికీ ఉమ్మడిదన్నమాట: టైమింగు, డీజిలు, గాలి.

డీజిలు ఇంజను నాకింగు అంటే ఇంజెక్టయిన డీజిలు వెంటనే అంటుకోకుండా కొంత పోగై, ఆ పోగైనదంతా ఒక్కసారిగా మండటం. చల్లని ఇంజను మొదటి రెండు మూడు నిమిషాలు ముతకగా మోగేది అందుకే, దాన్ని జబ్బు అనుకోవద్దు. వేడెక్కాక కూడా మేకులు కొట్టినట్టు గట్టి చప్పుడుండి, లోడు పెరిగే కొద్దీ పెరిగితే టైమింగు ముందుకి జరిగి ఉండొచ్చు. అలాగే నడిపితే హెడ్డు ప్యాకింగు, రింగుల గాడుల మధ్య అంచులు ముందుగా పోతాయి. టైమింగు వెనకబడితే దీనికి ఎదురు: చప్పుడు మెత్తబడుతుంది, తెల్లపొగ కళ్లు మండిస్తుంది, బండి లాగదు, సైలెన్సరు విపరీతంగా వేడెక్కుతుంది. చప్పుడు తగ్గింది కదా అని టైమింగు వెనక్కి పెట్టి పంపేవాళ్లున్నారు. వారం తిరక్కుండానే రైతుకు డీజిలు ఖర్చు తెలిసివస్తుంది.

ఇన్‌లైను పంపు టైమింగు చూడాలంటే ఒకటో సిలిండరును కంప్రెషన్ స్ట్రోకులోకి తెచ్చి, ఒకటో డెలివరీ వాల్వు, దాని స్ప్రింగు తీసి హోల్డరు తిరిగి బిగించి, దానికి వంపు పైపు పెట్టండి. స్టాప్ లివరు నడిచే స్థితిలో, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి, చేతి ప్రైమరుతో కొడుతూ ఫ్లైవీలును తిరగాల్సిన దిక్కులోనే నిదానంగా తిప్పండి. ధారగా వస్తున్న డీజిలు సన్నబడి బొట్లుగా మారే క్షణమే ఇంజెక్షను మొదలు. ఫ్లైవీలు మీది గుర్తు అక్కడ కలవాలి. కలవకపోతే పంపు ఫ్లాంజి నట్లు వదిలి తిప్పండి. పంపు షాఫ్టు తిరిగే దిక్కుకు ఎదురుగా పంపును తిప్పితే టైమింగు ముందుకి, అదే దిక్కుకు తిప్పితే వెనక్కి పోతుంది. గుర్తు దాటిపోతే కాస్త వెనక్కి తిప్పి సరిపెట్టొద్దు. గేర్ల సందు లెక్కలోకి వచ్చి కొలత తప్పుతుంది. పావు చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ రావాలి.

డీజిలు సంగతి. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం డీజిలు సీటేన్ సంఖ్య, అంటే ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే అంకె, కనీసం 51 ఉండాలి. కిరోసిన్ కలిస్తే అది తగ్గుతుంది, అంటుకోవడం ఆలస్యమవుతుంది, మోత పెరుగుతుంది. పైగా పంపు ఎలిమెంట్లకు, నాజిళ్లకు జిడ్డు అందక అరుగుతాయి. ట్యాంకు నింపిన మర్నాటి నుంచే మోత మొదలైతే ఏమీ విప్పకముందు, వేరే చోట తెచ్చిన అయిదు లీటర్లు విడి డబ్బాలోంచి పైపు పెట్టి నడిపి చూడండి.

గాలి జొరబడితే ఇంజను ఒకసారి లేస్తూ ఒకసారి పడుతూ మిస్సింగు కొడుతుంది. పంపులోకి వెళ్లే పైపు స్థానంలో తెల్లటి ప్లాస్టిక్ పైపు పెడితే బుడగలు కనిపిస్తాయి. ఫీడు పంపు లాగే వైపున, అంటే ట్యాంకు నుంచి ఫీడు పంపు దాకా, డీజిలు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే పొడిగా ఉంది కదా అని ఆ జాయింట్లను వదిలేయకూడదు. సెడిమెంటు గిన్నె రబ్బరు, బ్యాంజో బోల్టు వాషర్లు మొదటి అనుమానితులు.

టాపెట్లు

టాపెట్ చప్పుడు అందరికీ తెలిసిందే, అయినా తప్పు సర్దుబాట్లే ఎక్కువ. సందు మోడల్‌ను బట్టి 0.25 నుంచి 0.40 మి.మీ. దాకా ఉంటుంది. ఏది కొడుతోందో తెలియాలంటే వాల్వు కవరు తీసి ఐడ్లింగులో నడుస్తుండగా, రాకరుకీ వాల్వు కొనకీ మధ్య ఫిల్లర్ గేజీ ఒక్కోదాంట్లో దూర్చండి. దూర్చగానే చప్పుడాగిన వాల్వే దొంగ.

సరిగ్గా సర్దినా చప్పుడు పోలేదంటే రాకరు కొన చూడండి. ఏళ్ల వాడకంలో అక్కడ వాల్వు కొన అచ్చు పడి చిన్న గుంట కడుతుంది. ఫిల్లర్ గేజీ పట్టీ ఆ గుంటలోకి దిగకుండా రెండు గట్ల మీద వంతెనలా నిలుస్తుంది. గేజీ 0.30 అంటుంది, నిజం సందు 0.45. రాకరు కొనను గ్రైండింగుకి ఇవ్వాలి, లేదా మార్చాలి. పుష్‌రాడ్లు అద్దం మీద దొర్లించండి, వంగినది ఎగిరెగిరి దొర్లుతుంది.

సర్దేటప్పుడు ఆ సిలిండరు కంప్రెషను చివర టీడీసీలో (పిస్టన్ పూర్తిగా పైకి చేరిన చోట) ఉండాలి, రెండు రాకర్లూ వదులుగా ఆడాలి. ఒకటి మూస్తూ ఒకటి తెరుస్తూ ఉంటే ఒక చుట్టు తేడాలో ఉన్నారు. ఒకటి అయ్యాక క్రాంకు 240 డిగ్రీలు తిప్పితే ఫైరింగ్ ఆర్డరులో తర్వాతిది వస్తుంది.

టాపెట్ అని మోసం చేసేవి రెండున్నాయి. ఎగ్జాస్టు మానిఫోల్డు ప్యాకింగు లీకు ఒకటి, నాజిల్ సీటు లీకు రెండు. మొదటిది చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్‌మని, ఇనుము వేడెక్కి సందు మూసుకోగానే తగ్గుతుంది, జాయింటు దగ్గర మసి చార కనిపిస్తుంది. రెండోది చఫ్ చఫ్‌మంటుంది, నాజిల్ చుట్టూ నల్లటి తారు పేరుకుంటుంది. సబ్బునీళ్లు పోస్తే బుడగలొస్తాయి.

కింది భాగం

పొడవాటి స్క్రూడ్రైవరు కొన బ్లాకు మీద, పిడి చెవి ఎముక మీద ఆనించి వినండి, ఫ్యానుకు దూరంగా. ఆయిల్ ఛాంబరు అంచు వెంబడి వింటూ పోతే చప్పుడు ఎక్కడ గట్టిగా ఉందో తెలుస్తుంది.

మెయిన్ బేరింగుది లోతైన, బరువైన దెబ్బ. లోడు మీద పెరుగుతుంది, ఆయిలు ప్రెజరు కూడా పడిపోయి ఉంటుంది. కనెక్టింగ్ రాడ్డు కింది చివరనుండే బిగ్‌ఎండ్ బేరింగుది అంతకన్నా గట్టి, పొడి చప్పుడు. ఇంజను వేగాన్ని సగం దాకా పెంచి యాక్సిలరేటరు ఒక్కసారిగా వదిలినప్పుడు బాగా బయటపడుతుంది. పిస్టన్ పిన్నుది సన్నటి జంట దెబ్బ, ఐడ్లింగులో తేటగా వినిపిస్తుంది. పిస్టన్ లైనరును కొట్టే చప్పుడు ఉదయాన్నే బోలుగా ఉండి వేడెక్కాక తగ్గుతుంది. ఫ్లైవీలు బోల్టులు వదులైతే అచ్చం మెయిన్ బేరింగులాగే కొడుతుంది. అందుకని ఆయిలు ప్రెజరు బాగుంటే బేరింగులకన్నా ముందు స్టార్టరు తీసి ఆ రంధ్రంలోంచి ఫ్లైవీలును కడ్డీతో కదిపి చూడండి.

ప్రెజరును డ్యాష్‌బోర్డు లైటుతో తేల్చకండి. సెన్సారు తీసి ఆ చోట మెకానికల్ గేజీ పెట్టండి. బాగా వేడెక్కిన ఇంజను ఐడ్లింగులో సుమారు 1 బార్, 2000 ఆర్పీఎంలో 3, 4 బార్ల మధ్య చూపడం చాలా ఇంజన్లకు మామూలు. తక్కువ వస్తే చిక్కటి ఆయిలు పోసి చప్పుడు దాచడం ఒక వ్యాపారం, సెకండ్ హ్యాండు బళ్లు కొనేవాళ్లు గుర్తుంచుకోవాలి. ఆయిలు మట్టం పెరిగి డీజిలు వాసన వస్తుంటే ఫీడు పంపు డయాఫ్రం చిరిగి ఆయిల్లోకి డీజిలు దిగుతోంది. పలచబడిన ఆయిలే బేరింగులను తింటుంది.

ఆయిలు ఫిల్టరు కోసి కాగితం మడతలు విప్పి డీజిల్లో కడగండి. అయస్కాంతానికి అంటేది ఇనుము. అంటని వెండిరంగు మెత్తటి రేకులు బేరింగు పై పూత. రాగిరంగు కనిపిస్తే ఆ పూత పోయి కింది పొర బయటపడింది, లేదా రాడ్డు పై చివరనుండే స్మాల్‌ఎండ్ బుష్ అరుగుతోంది. ఈ దశలో ఆపితే క్రాంకు పాలిషుతో బతకొచ్చు. ఇంకో నెల నడిపితే గ్రైండింగు తప్పదు. గ్రైండింగు సైజులు 0.25, 0.50, 0.75 మి.మీ., మన షెడ్ల లెక్కలో (అంగుళంలో వెయ్యో వంతుల్లో) పది, ఇరవై, ముప్పై. గ్రైండింగయ్యి వచ్చిన క్రాంకులో రెండు చూసుకోవాలి. జర్నల్ (బేరింగు కూర్చునే భాగం) మూలల గుండ్రదనం అలాగే ఉందా, ఆయిలు దారుల్లో రజను మిగిలిందా. మూల పదునుగా కోస్తే క్రాంకు అక్కడే విరుగుతుంది. దారులు డీజిలుతో, సన్నటి బ్రష్షుతో కడిగి గాలి కొట్టకపోతే కొత్త బేరింగులు మొదటి గంటలోనే గీతలు పడతాయి.

పిస్టన్ చప్పుడు ఉన్న ఇంజన్లో లైనరు బయటివైపు కూడా చూడాలి. పిస్టన్ కొట్టిన ప్రతిసారీ తడి లైనరు అదురుతుంది. ఆ అదురుకు నీళ్లలో సన్నటి బుడగలు పుట్టి చితుకుతూ ఇనుమును తొలుస్తాయి. రేడియేటర్లో బోరు నీళ్లే పోస్తూ వస్తే ఆ గుంటలు లైనరును దాటి సూదిరంధ్రాలవుతాయి, నీళ్లు ఆయిల్లోకి దిగుతాయి. కంపెనీ చెప్పిన కూలెంటు వాడేది చల్లదనం కోసం మాత్రమే కాదు, ఈ తొలుపుడు ఆపడానికి కూడా.

బిగించేటప్పుడు పుట్టే అదుర్లు

ఓవరాయిలింగు తర్వాత కొత్తగా అదురు వచ్చిందంటే విప్పకముందు లేని దోషం బిగించేటప్పుడు వచ్చింది. ఒక పిస్టన్ వేరే కంపెనీది వేశారేమో, తూకం తేడా పది గ్రాములు దాటిందేమో చూడాలి. కనెక్టింగ్ రాడ్ల మూతలు తారుమారయ్యాయేమో, నంబర్లు ఒకే వైపు కలిశాయో లేదో చూడాలి. ప్రెజర్ ప్లేటును గుర్తు పెట్టుకోకుండా విప్పి వేరే స్థానంలో బిగించినా 12.5 దగ్గర గీత లేస్తుంది. కొన్ని నాలుగు సిలిండర్ల ఇంజన్లకు ఛాంబర్లో బ్యాలెన్సరు ఉంటుంది, అందులోని బరువులు క్రాంకు కన్నా రెట్టింపు వేగంతో తిరుగుతాయి. దాని గుర్తు ఒక్క పన్ను తప్పినా ఐడ్లింగులో పెద్దగా తెలియదు, పైకి లేపేకొద్దీ కాళ్లు తిమ్మిరెక్కేలా అదురుతుంది.

జనరేటరులో మాట వేరు. 1500 ఆర్పీఎం కనుక లెక్క 12.5, 25 దగ్గర పడుతుంది. కింద రబ్బరు ప్యాడ్లు ఉన్నాయని బేసు సరిచూడకుండా బిగిస్తారు. కాలి బోల్టులు ఒక్కొక్కటిగా వదులుతూ, ఆ కాలి మీద డయల్ గేజీ పెట్టి చూడండి. వదలగానే 0.05 మి.మీ. కన్నా ఎక్కువ లేచిన కాలు కింద అంత మందం షిమ్ వేయాలి. ఎగ్జాస్టు పైపును ఫ్లెక్సిబుల్ బెలో లేకుండా గోడకు క్లాంపు చేస్తే గదంతా మోగుతుంది. ఇక చప్పుడు కొలత: 1000 కేవీఏ దాకా కొత్త సెట్లకు పందిరి (సెట్టును మూసే కెనాపీ డబ్బా) నుంచి మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ నిబంధన. పందిరి తలుపు రబ్బరు బీడింగు ఊడిపోయి దాన్ని దాటుతున్న సెట్లే ఎక్కువ.

కామన్ రైల్ ఇంజన్లో సిలిండరు కోయడం స్కానరుతో చేయాలి. ఐడ్లింగులో ఒక సిలిండరు కొత్తగా మేకు కొట్టినట్టు మోగితే, అసలు ఇంజెక్షనుకు ముందు వెళ్లే చిన్న ఇంజెక్షను ఆ ఇంజెక్టరు చేయడం లేదని మొదటి అనుమానం. రిటర్ను పైపులు ఒక్కోటి ఒక్కో సీసాలో పెట్టి రెండు నిమిషాలు నడిపితే లీకయ్యే ఇంజెక్టరు సీసా మిగతావాటికన్నా ముందు నిండుతుంది. కొత్తది వేశాక దాని మీదున్న కోడ్ కంప్యూటర్లోకి ఎక్కించకపోతే మంచి ఇంజెక్టరుతోనే అదురు కొనసాగుతుంది.

చివరిగా నీళ్లు మింగిన ఇంజన్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగినట్టు, ఎక్కడ ఇంజను మునిగినా తీయగానే సెల్ఫ్ కొట్టడమే పెద్ద తప్పు. నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. నాజిళ్లు తీసి, స్టాప్ లివరు లాగి, ఫ్లైవీలును చేత్తో రెండు చుట్లు తిప్పి నీళ్లు కక్కించాలి. ఆయిలు, ఫిల్టర్లు మార్చి, ట్యాంకు అడుగు నీళ్లు వంచేశాకే స్టార్టు చేయాలి. అప్పటికే సెల్ఫ్ కొట్టి ఉంటే, ఇంజను నడుస్తున్నా ఒక సిలిండరు కంప్రెషను తక్కువ చూపిస్తుంటే, హెడ్డు దించి ఒక్కో పిస్టన్‌ను టీడీసీకి తెచ్చి బ్లాకు ముఖం నుంచి ఎత్తు కొలవండి. మిగతా రెండిటికన్నా కిందికి ఉన్న పిస్టన్ రాడ్డు వంగింది. దాన్ని ప్రెస్సు మీద సాగదీసి మళ్లీ వేయొద్దు, మార్చేయండి.